మందుగుండు పునీతురాలు

ఆర్సీఎం వాళ్ళ, అంటే రోమన్ కతోలికుల ఇళ్ళలో గోడ క్యాలెండరు చూసే ఉంటారు. తారీఖు అంకె కింద సన్న అక్షరాల్లో ఆ రోజు పునీతుల పేరు ఉంటుంది. డిసెంబరు 3న ఫ్రాన్సిస్ జేవియర్. గోవాలో ఆయన దేహాన్ని చూడటానికి జనం తీర్థంలా పోతారు గనక ఆయన మనకు తెలిసినవాడే. డిసెంబరు 6న నికొలాసు, తరవాత్తరవాత క్రిస్మస్ తాత వేషం కట్టినాయన. ఈ ఇద్దరికీ మధ్య డిసెంబరు 4న దమస్కు యోహాను అని ఒక పండితుడు. 1969 దాకా రోము క్యాలెండరులో ఆ తేదీ కింద ఒక ఆడమనిషి పేరు కూడా ఉండేది. ఆవిడ బార్బరా. గనుల్లోకి దిగేవాళ్ళకీ, సొరంగాలు తొలిచేవాళ్ళకీ, ఫిరంగులు పేల్చేవాళ్ళకీ, మందుగుండు ముట్టుకునే ప్రతివాడికీ ఆవిడే కాపుదల అని ఐరోపాలో శతాబ్దాలుగా నమ్మకం. క్యాలెండరులోంచి పేరు తీసేశారు గానీ గనులవాళ్ళు మాత్రం ఇప్పటికీ డిసెంబరు 4ని ఆవిడ రోజుగానే చేసుకుంటారు.

కథ విని తీరాల్సిందే. మూడో శతాబ్దం నాటి మాట. ఊరు నికొమీడియా అని కొందరు, హెలియోపోలిస్ అని కొందరు. మొదటిది ఇవాళ్టి తుర్కియేలో ఉంది, రెండోది లెబనాన్‌లోని బాల్‌బెక్. డయోస్కోరస్ అనే ధనవంతుడికి ఒక్కతే కూతురు. ఎవరి కంటా పడకూడదని ఎత్తయిన బురుజు కట్టించి అందులో పెట్టాడు. తండ్రి ఊళ్ళో లేనప్పుడు స్నానాల గది కడుతున్న మేస్త్రీలను పిలిచి ఆ పిల్ల, రెండు కిటికీలు చాలవు, మూడోది కూడా పెట్టండి అని పురమాయించింది. తండ్రి తిరిగొచ్చి ఈ మూడోదేమిటని అడిగాడు. పిత, పుత్ర, పవిత్రాత్మల పేరు మీద అని చెప్పింది. ఆయన కత్తి దూశాడు, పిల్ల పరుగు అందుకుంది. ఎదురుగా కొండబండ. ఆ బండ విచ్చుకుని ఆమెను లోపలికి తీసుకుంది. గొర్రెలు కాసుకునేవాడు ఒకడు చూసి చెప్పకపోతే అక్కడే బతికిపోయేది. పట్టుకున్నారు, అధికారి ముందు నిలబెట్టారు, హింసించారు. చివరికి శిక్ష అమలు చేసింది తలారి కాదు, కన్నతండ్రే. తల నరికి ఇంటికి వెళుతుంటే దారిలో ఆయన మీద పిడుగు పడి బూడిదయ్యాడు.

గనులవాళ్ళు పట్టుకున్నది ఆ బండను. ఫిరంగుల వాళ్ళు పట్టుకున్నది ఆ పిడుగును. తుపాకిమందు ఐరోపాకు వచ్చాక, ఒక్క క్షణంలో మనిషిని లేకుండా చేసే ప్రతి పనీ ఆవిడ ఖాతాలోకే వెళ్ళింది. ఫ్రెంచి వాళ్ళు ఓడల్లో తుపాకిమందు దాచే గదికి ఆవిడ పేరే పెట్టారు. కడసారి దివ్యసంస్కారాలు అందకుండా హఠాత్తుగా పోతామేమోనన్న భయం ఉన్నవాళ్ళు ఆవిడకు మొక్కుకునేవాళ్ళు.

ఈ కథ నన్ను ఎందుకు పట్టుకుందంటే, నేను పెరిగింది బచేలిలో. దంతెవాడ దాటి ఇంకొంచెం ముందుకు, బైలదిల్లా కొండల కింద ఇనుప గనుల సంస్థ ఎన్ఎండీసీ కట్టిన టౌన్‌షిప్పు అది. ఊరు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నా మా వాకిళ్ళలో ముగ్గులు బొబ్బిలివి, వంటింట్లో పచ్చడి పాలకొండది. విశాఖపట్నం నుంచి కిరందుల్ దాకా వెళ్ళే కేకే లైను మా బొడ్డుతాడు. కొండల మీది ఇనుప రాయి ఆ పట్టాల మీద సముద్రం దాకా వెళ్ళి, ఓడెక్కి జపాను చేరేది. ఆ లైను వేసిందే అందుకు. అదే పట్టాల మీద ఎదురుగా మనుషులు వచ్చారు. ఫిట్టర్లు, డ్రైవర్లు, గుమస్తాలు, టీచర్లు, ఇడ్లీ బండ్ల వాళ్ళు. 1968లో కిరందుల్ వైపు 14వ డిపాజిట్టు, అంటే ఆ నంబరు ఇనుప రాయి నిక్షేపం, తవ్వడం మొదలయింది, 1977లో మా బచేలి వైపు 5వ డిపాజిట్టు. జగదల్‌పుర్ కతోలిక మేత్రాసనం పూర్తి స్థాయిలో ఏర్పడింది కూడా 1977లోనే. అది సీరో మలబారు సంప్రదాయం వాళ్ళది. అంచేత మా పూజలో ఫాదరు గారు మలయాళీ, పాటలు హిందీ, వెనక బెంచీల్లో గుసగుసలు తెలుగు. అక్కడ అపొస్తలుడు తోమా గారి పండుగ ఘనంగా జరిగేది. బార్బరా పేరు నేను చిన్నప్పుడు ఒక్కసారీ వినలేదు.

వినకపోవడమే నాకు ఇప్పుడు వింతగా తోస్తుంది. ఆవిడకు అప్పజెప్పిన ప్రమాదాలన్నీ మా కొండ మీద రోజువారీ పనులే మరి.

మా పక్క క్వార్టర్లో ఒక బాబాయి ఉండేవాడు. వరసకే బాబాయి, కాలనీలో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. బ్లాస్టింగ్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చెబుతుంటే వినాలి. కొండను మెట్టులా చెక్కిన బెంచీ మీద వరసగా బోర్లు వేస్తారు. అందులో మందు నింపుతారు, పైన మట్టి కూరుతారు, వైర్లు కలుపుతారు. సైరను మోగుతుంది, ఎర్ర జెండాలు లేస్తాయి, అయిదువందల మీటర్ల లోపు ఒక్క మనిషి ఉండకూడదు. తరవాత కొండ ఒకసారి ఒళ్ళు విరుచుకుంటుంది. ఊళ్ళో వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు గణగణమంటాయి. మాకది గడియారంతో సమానం. అమ్మ దాన్ని బట్టే పొయ్యి మీద అన్నం పెట్టేది.

"పేలుడుకి భయం లేదురా," అనేవాడు బాబాయి. "పేలనిదానికే భయం." మిస్‌ఫైరు అన్నమాట. నింపిన బోర్లలో ఒకటి నోరు మూసుకుని ఉండిపోతుంది. దాని దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి, ఎవరు వెళ్ళాలి, ఏం ముట్టుకోకూడదు అన్నదానికి నిబంధనలు ఉన్నాయి. ఆ నిబంధన నోటికి చెప్పగలిగే మనిషి కూడా ఆ నాలుగు అడుగులూ వేసేటప్పుడు ఎవరో ఒకరిని తలుచుకుంటాడు. బాబాయి విజయనగరం అమ్మవారు పైడితల్లిని తలుచుకునేవాడు.

పేలనిదాన్ని మించిన భయం ఇంకోటి ఉండేది ఆయనకు. మెరుపు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక బైలదిల్లా మీద మబ్బు ఎలా కమ్ముతుందో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. బోరులో మందు సగం నింపి ఉన్నా సరే, ఆకాశం ఉరిమిందంటే చేతిలో పని వదిలేసి అందరూ ఆ బెంచీ ఖాళీ చేయాల్సిందే. పిడుగు పడితే మందు ఆర్డరు కోసం ఆగదు. నిజానికి బార్బరా కథలో నాకు అన్నిటికంటే కల్పనగా తోచిన ముక్క ఆ పిడుగే. కన్నబిడ్డను చంపినవాడి మీద సమయానికి పిడుగు పడటం సినిమా క్లైమాక్సులా ఉంటుంది. బాబాయి మాట విన్నాక మాత్రం మందుగుండు వాళ్ళు ఆ ముక్కనే ఎందుకు గట్టిగా పట్టుకున్నారో అర్థమయింది. పిడుగు, రాతి పెళ్ళలు, మందుగుండు, ఉన్నట్టుండి వచ్చే చావు. గనుల భద్రతా వారోత్సవాల్లో గోడలకు అంటించే పోస్టర్ల మీద ఉండే జాబితా ఇదే. పునీతురాలికి అప్పజెప్పిన జాబితా కూడా ఇదే.

ఇక ఆవిడ పేరు ఎందుకు తీసేశారో చెప్పాలి. 1969లో ఆరవ పౌలు పోపుగారు క్యాలెండరును సంస్కరించారు. చరిత్రలో ఆధారం లేని పునీతుల పేర్లు సార్వత్రిక జాబితాలోంచి పక్కకు జరిగాయి. బార్బరాది బలహీనమైన కేసు. తొలి శతాబ్దాల నమ్మదగిన రాతల్లో ఎక్కడా ఆమె ఊసు లేదు. ఏడో శతాబ్దం తరవాతే ఆమె మీద భక్తి విరివిగా కనబడుతుంది. ఊరు ఏదో తేలదు, రాజు ఎవరో తేలదు. పండితులు చేసినది సబబే. వేదసాక్షుల పెద్ద పట్టీలో మాత్రం ఆమె పేరు ఉంచారు. అంటే ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు, ముందుగదిలోంచి లేపి పెరట్లో కూర్చోబెట్టారు. ఆమాటకొస్తే అంతకుముందు కూడా ఆవిడకు పెద్దపీట ఏమీ లేదు. ఆ రోజు ప్రధాన స్మరణ పీటర్ క్రిసోలోగస్ అనే పాతకాలపు బిషపుది, ఈవిడది పక్కన చిన్న పీట. ఆయనను జూలైకి మార్చి, అప్పటిదాకా మార్చి 27న ఉన్న దమస్కు యోహానును తెచ్చి డిసెంబరు 4న కూర్చోబెట్టారు. కిరందుల్ గని మొదలైన మరుసటి ఏడే ఇది జరిగింది. ఒకదానికీ ఇంకొకదానికీ ఏ సంబంధమూ లేదు, నాకు తోచింది గనక చెబుతున్నాను.

యోహాను సామాన్యుడు కాడు. ఎనిమిదో శతాబ్దంలో దమస్కులో ఖలీఫా కొలువులో పనిచేసి, అన్నీ వదిలేసి జెరూసలేముకు దగ్గరలో మార్ సబా మఠంలో సన్యాసిగా స్థిరపడ్డాడు. అప్పుడు కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి మూడవ లియో, పటాలకూ ప్రతిమలకూ మొక్కడం తప్పని వాటిని తీయించడం మొదలుపెట్టాడు. ఖలీఫా రాజ్యంలో ఉన్నాడు గనక చక్రవర్తి చెయ్యి తనదాకా రాదు. ఆ ధైర్యంతో యోహాను మూడు గ్రంథాలు రాశాడు. ఆయన వాదన సారం ఇది: దేవుడే శరీరం ధరించి మట్టిలోకి దిగివచ్చాక, కొయ్యనూ రంగునూ రాయినీ తుచ్ఛమైనవని అనడానికి మనమెవరం? 1890లో ఆయనను శ్రీసభ పండితులలో ఒకరిగా ప్రకటించారు.

వెనకటి నుంచీ తూర్పు దేశాల సభలు ఈ ఇద్దరినీ డిసెంబరు 4నే కలిపి తలుచుకుంటున్నాయి. నాకది నచ్చుతుంది. ఉన్నాడనడానికి పుస్తకాలు సాక్ష్యం చెప్పే పండితుడు ఒకరు, పటాలు తప్ప ఇంకే సాక్ష్యమూ లేని పిల్ల ఒకరు. పటాన్ని కాపాడటానికి జీవితం ధారపోసినవాడికి, పటంలో తప్ప ఎక్కడా లేని పిల్ల చోటు ఖాళీ చేసి ఇచ్చారు. యోహానును అడిగితే వద్దనేవాడేమో.

లెబనాన్, సిరియాల్లో ఆ రోజు గోధుమలు ఉడకబెట్టి పంచదార, దానిమ్మ గింజలు కలిపి ఇంటింటికీ పంచుతారు. మన గుగ్గిళ్ళే. పిల్లలు వేషాలు వేసుకుని తిరుగుతారు. పోలండు బొగ్గు గనుల వాళ్ళు నల్ల కోట్లు తొడుక్కుని, టోపీకి ఈకల కుచ్చు పెట్టుకుని బ్యాండుతో ఊరేగుతారు. క్యాలెండరు ఏమన్నా వాళ్ళకు పట్టలేదు. స్విట్జర్లాండులో గొట్థార్డు కొండ కింద 57 కిలోమీటర్ల రైలు సొరంగం తవ్వినన్నాళ్ళూ గుహ ముఖద్వారం దగ్గర బార్బరా బొమ్మ ఉండేది. ఏటా డిసెంబరు 4న యంత్రాలు ఆపి పూజ చేయించేవాళ్ళు. తొమ్మిది మంది చనిపోయారు ఆ పనిలో. అక్కడ పనిచేసినవాళ్ళలో అన్ని దేశాల వాళ్ళూ, అన్ని మతాల వాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ ఉన్నారు. ఆవిడ కాగితాలు ఎవరూ అడగలేదు.

మనం మాత్రం అడుగుతామా? విజయనగరం పైడితల్లమ్మ సంగతి చూడండి. అక్కడి రాజు విజయరామరాజు చెల్లెలు. 1757లో బొబ్బిలి యుద్ధం. అన్న చావు కబురు విని పెద్దచెరువులో ప్రాణం వదిలిందని కథ. యుద్ధం చరిత్ర, రాజు చరిత్ర, తేదీతో సహా ఉన్నాయి. చెరువులో దేవత అయిన పిల్ల జనం నోట్లోనే ఉంది. విజయదశమి తరవాతి మంగళవారం సిరిమాను చూడటానికి వచ్చే లక్షల మందిలో ఎవరు ఆధారం అడిగారు? తండ్రి మాట విన్న కొడుకు చేతిలో తల తెగిన రేణుక మనకు ఎల్లమ్మ అయింది. అన్యాయంగా చచ్చిపోయిన ఆడపిల్లను ఊరు ఊరికే పోనివ్వదు. పేరంటాలు అని పిలిచి, చెట్టు కింద రాయి నిలిపి, ఏడాదికొక పూట అన్నం పెడుతుంది. బార్బరా కథ బాబాయికి చెప్పినప్పుడు ఆయన ఒక్క క్షణం కూడా ఆశ్చర్యపోలేదు. "పేరంటాలేగా," అన్నాడు. నేను నాలుగు పుస్తకాలు తిరగేసి చేరుకున్న చోటికి ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే చేరాడు.

ఆడదేవతను కాపుదలగా పెట్టుకున్న ఈ గనులే ఆడవాళ్ళను లోపలికి రానివ్వలేదు, అదో తమాషా. ఆల్ప్స్ సొరంగాల్లో ఆడమనిషి అడుగుపెడితే అపశకునం అనేవాళ్ళు. మన 1952 గనుల చట్టం భూగర్భంలో ఆడవాళ్ళ పనిని నిషేధించింది, పైన కూడా రాత్రి షిఫ్టు కూడదంది. 2019లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. బైలదిల్లాలో మరీ విడ్డూరం. యంత్రాలు రాకముందు, చేతులతో రాయి కొట్టి తట్టలకెత్తిన రోజుల్లో సగం పని చేసింది ఆడవాళ్ళే. యంత్రం వచ్చాకే కొండ మగవాళ్ళదయింది.

మా ఊళ్ళో పండుగలు లేక కాదు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ వస్తే వర్క్‌షాపులో కాలు పెట్టే సందు ఉండదు. డంపర్లకు బంతిపూల దండలు, షావెల్ బకెట్టుకు పసుపు కుంకుమ, క్రషర్ దగ్గర కొబ్బరికాయలు, చివర్న బూందీ పొట్లాలు. మా తెలుగువాళ్ళు దసరాకు మళ్ళీ ఇంకోసారి చేసేవాళ్ళు ఆయుధపూజ పేరుతో. నాకు ఆ పండుగలంటే ప్రాణం. కానీ పెద్దయ్యాక ఒక తేడా కనబడింది. మన పూజ పనిముట్టుకు. నువ్వు బాగుండు, మాకు తిండి పెట్టు, మమ్మల్ని కొట్టకు అని యంత్రాన్ని బతిమాలతాం. బార్బరా రోజున బతిమాలేది యంత్రాన్ని కాదు. గని ముందు నిలబడి, ఇవాళ లోపలికి వెళ్ళినవాళ్ళు అందరూ బయటికి రాకపోవచ్చు అన్న మాటను పైకి అంటారు, పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. విశ్వకర్మ పూజలో చావు ప్రసక్తి రాదు. శుభకార్యంలో అశుభం ఎందుకు అంటాం. భద్రతా వారోత్సవాల్లో వస్తుంది గానీ, అప్పుడు అది అంకె రూపంలో వస్తుంది, తగ్గిందనో పెరిగిందనో.

2023 దీపావళి నాడు ఉత్తరాఖండ్‌లో సిల్క్‌యారా సొరంగం కూలి 41 మంది లోపల చిక్కుకున్నప్పుడు దేశమంతా ఒక దృశ్యం చూసింది. ముఖద్వారం దగ్గరున్న బాబా బౌఖ్‌నాగ్ చిన్న గుడిని పనుల కోసం తీసేశారనీ, అందుకే ఇలా అయిందనీ ఊరివాళ్ళు అన్నారు. గుడిని మళ్ళీ పెట్టారు. అంతర్జాతీయ సొరంగ నిపుణుల సంఘానికి అప్పట్లో అధ్యక్షుడుగా ఉన్న ఆర్నాల్డ్ డిక్స్ అనే ఆస్ట్రేలియా ఆయన రోజూ ఆ గుడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మనవాళ్ళలో కొందరు మురిసిపోయారు, కొందరు నవ్వుకున్నారు. నాకు వింతనిపించలేదు. సొరంగాల వాళ్ళకు ద్వారం దగ్గర ఎవరో ఒకరు ఉండటం అలవాటు. అక్కడ బార్బరా, ఇక్కడ బౌఖ్‌నాగ్. నవంబరు 28న 41 మందీ క్షేమంగా బయటికి వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న మన దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగంలో అలా జరగలేదు. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారాల తరబడి తవ్వితే ఇద్దరి దేహాలు దొరికాయి. ఆ ఎనిమిది మందిలో తెలుగువాళ్ళు లేరు. అందుకే కాబోలు మనం త్వరగా మరిచిపోయాం.

రుజువుల సంగతి అన్నాను గనక మా కొండ మీదే జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. బైలదిల్లా డిపాజిట్టులకు ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేసింది 1930లలో వచ్చిన భూగర్భ సర్వే క్రూక్‌షాంక్ దొర. మాకు చిన్నప్పుడు ఆ అంకెలే ఊరి పేర్లలా ఉండేవి. ఫలానా వాళ్ళ నాన్న ఫైవ్‌లో, ఫలానా వాళ్ళ నాన్న ఫోర్టీన్‌లో. పదమూడు అనేదాన్ని చుట్టుపక్కల ఆదివాసులు ఆ అంకెతో పిలవరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళకది నందరాజు కొండ, ఆయన రాణి పిట్టోడు నివాసం. 2019 జూన్‌లో ఆ కొండ మీద చెట్లు కొట్టడం మొదలైతే వేల మంది విల్లంబులతో, మూటాముల్లెతో నడిచి వచ్చి కిరందుల్‌లో ఎన్ఎండీసీ ఆఫీసు ముందు కూర్చున్నారు. గనికి ఒప్పుకున్నట్టు చూపించిన గ్రామసభ కాగితం దొంగదన్నారు. ప్రభుత్వం పని ఆపించింది. అప్పుడు టీవీలో ఎవరో అడిగిన ప్రశ్న గుర్తుంది, అక్కడ దేవుడున్నాడనడానికి ఏమిటి ఆధారం అని. వాటికన్‌లో పండితులు బార్బరాను అడిగిన ప్రశ్నే. కాకపోతే అక్కడ పోయింది క్యాలెండరులో ఒక గీత, ఇక్కడ పోయేది కొండ.

దంతెవాడ దంతేశ్వరి కూడా అలాంటి నమ్మకంతో వచ్చిన తల్లే. ఓరుగల్లు కూలిపోయాక అన్నమదేవుడు ఇటు వస్తుంటే అమ్మవారు గజ్జెలు మోగించుకుంటూ వెనక నడిచిందని, శంఖినీ డంకినీ నదులు కలిసే చోట గజ్జెలు ఇసుకలో కూరుకుని చప్పుడు ఆగిపోతే రాజు వెనక్కి తిరిగి చూశాడని, అక్కడే నిలిచిపోయిందని చెబుతారు. ఆ శంఖినిలోకి మా గని మట్టి దిగి ఏళ్ళ తరబడి నీళ్ళు ఎర్రగా పారాయి. తెలుగు దేవతకు తెలుగు ఉద్యోగులు ఇచ్చిన కానుక అనుకోవాలి.

అసలు నన్ను తొలిచేది దేవతలు కాదు, రోజు లేని మనుషులు. 1978 ఏప్రిల్‌లో కిరందుల్‌లో, యంత్రాలు వస్తున్నాయని చేతిపని కార్మికులను వేల సంఖ్యలో తీసేశారు. ఆందోళన జరిగింది, పోలీసులు కాల్చారు, కార్మికులు చనిపోయారు, గుడిసెలు తగలబడ్డాయి. మా కాలనీలో ఈ సంగతి గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. మూడేళ్ళ తరవాత, 1981 డిసెంబరు 16న, పోలండులో వూయెక్ బొగ్గు గనిలో సమ్మె చేస్తున్న వాళ్ళ మీద కాల్పులు జరిగి తొమ్మిది మంది గని కార్మికులు పోయారు. బార్బరా పండుగ అయి రెండు వారాలు కూడా నిండలేదు. ఆ గని గోడ దగ్గర పెద్ద శిలువ నిలబడి ఉంది, ఏటా అక్కడ జనం చేరతారు. అక్కడ పనిచేసేవాళ్ళకు కలిసి నిలబడి తలుచుకునే అలవాటు ముందే ఉంది. కొత్త దుఃఖం ఆ పాత అలవాటులోకి వచ్చి చేరింది. మాకు అలాంటి చోటు లేదు.

2006 ఫిబ్రవరి 9 రాత్రి హిరోలి దగ్గర ఎన్ఎండీసీ మ్యాగజైన్ మీద మావోయిస్టులు దాడి చేశారు. మ్యాగజైన్ అంటే పేలుడు సామగ్రి దాచే గోదాము. ఓడల్లో బార్బరా పేరు మోసే గది ఇలాంటిదే. కాపలా ఉన్న సీఐఎస్ఎఫ్ వాళ్ళు ఎనిమిది మంది చచ్చిపోయారు, టన్నుల కొద్దీ మందు పోయింది. ఆ మందు తరవాత ఎక్కడెక్కడ ఎవరి కాళ్ళ కింద పేలిందో ఊహించుకోవలసిందే. ఆ సీఐఎస్ఎఫ్ వాళ్ళను వాళ్ళ దళం తలుచుకుంటుంది. కాల్పుల్లో పోయిన కార్మికులను వాళ్ళ యూనియన్ తలుచుకుంటుంది. డంపరు కింద పడ్డవాణ్ణి, బెల్టులో చెయ్యి పోగొట్టుకున్నవాణ్ణి వాళ్ళ ఇల్లు తలుచుకుంటుంది. ఒకే కొండ మీద పోయినవాళ్ళను తలుచుకోవడానికి ఇన్ని గోడలు. 1978 తారీఖు పెడదామంటే యాజమాన్యం ఊరుకోదు, 2006 తారీఖు పెడదామంటే అడవిలో పోయినవాళ్ళ సంగతేమిటని ఇంకొకరు అడుగుతారు, సెప్టెంబరు 17 శుభదినం.

అందుకే నాకు డిసెంబరు 4 మీద మనసు పోయింది. ఆ రోజుకు మా ఊళ్ళో ఎవరితోనూ పేచీ లేదు. పార్టీ లేదు, యూనియన్ లేదు, కులం లేదు. చర్చికి వెళ్ళేవాళ్ళకు కూడా అది పెద్ద పండుగ కాదు గనక మతం పేరు పెట్టి గొడవ చేయడానికీ వీల్లేదు. కేకే లైనుకు ఆ చివర, విశాఖ బీచిలో మాత్రం కొన్నేళ్ళ కిందటి దాకా ఆ రోజు సందడే సందడిగా ఉండేది. నౌకాదళ దినోత్సవం. 1971లో కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా యుద్ధనౌకలు, హెలికాప్టర్లు విన్యాసాలు చూపించేవి. ఇటలీ నౌకాదళానికి కాపుదల బార్బరాయే, వాళ్ళు ఆ రోజే పండుగ చేసుకుంటారు. మనకది కాకతాళీయం. బైలదిల్లా రాయి ఎక్కించే రేవు పక్కనే, ఆవిడ రోజునే, బచేలి నుంచి రిటైరై గాజువాకలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మనవల్ని భుజాల మీద ఎక్కించుకుని ఆ బాణసంచా చూస్తుండేవాళ్ళు.

ఈ ప్రతిపాదన బాబాయి ముందు పెట్టాను. ఏడాదికి ఒక్క పూట. బ్లాస్టింగు ఉండదు, సైరను మాత్రం మోగుతుంది, కొండ మీద పోయిన ప్రతివాడి పేరూ, ఏ వైపున పోయినా సరే, చదువుతారు. బార్బరా పేరు ఎత్తక్కర్లేదు, పైడితల్లి అనుకున్నవాళ్ళు అనుకోవచ్చు, నందరాజు అనుకున్నవాళ్ళు అనుకోవచ్చు. ఆయన శ్రద్ధగా విన్నాడు. పేర్లు చదవడం బాగుందన్నాడు. తనకు తెలిసినవి కొన్ని అప్పటికప్పుడే చెప్పాడు, ఊరూ ఇంటిపేరూ కలిపి. తరవాత తల అడ్డంగా ఊపాడు.

"డిసెంబరంటే కుదరదురా నాయినా. అప్పుడు ప్రొడక్షను పీకల మీద ఉంటాది. మార్చిలోపు టార్గెట్టు. ఒక్క షిఫ్టు ఆపమంటే మేనేజరు ఒప్పుకోడు. ఆవిణ్ణి కాస్త జూలైకి జరగమను. వానల్లో ఎలాగూ పని మందకొడి, మెరుపులు కూడా ఉంటాయి."

పోపుగారు క్రిసోలోగసును జరిపింది జూలైకే అని ఆయనకు చెప్పాను. "చూశావా మరి," అని టీ తాగేశాడు.